కాన్‌రాడ్ బేరింగ్ గ్యాప్: చేత్తో ఊపి చెప్పకండి, కొలిచి చెప్పండి

ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ విప్పగానే కాన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంకు ఇరుసుకి కలిపే రాడ్) పట్టుకుని అటూ ఇటూ ఊపి, "బేరింగులు పోయాయండీ" అనో "ఇంకో ఏడాది లాగిస్తాయి" అనో తేల్చేయడం మన విజయనగరం, శ్రీకాకుళం షెడ్లలో రోజూ చూసేదే. అలా ఊపినప్పుడు చేతికి తగిలేది రాడ్ పక్కకి జరిగే ఆట. అది ఉండాల్సిందే. చాలా కార్లలో సుమారు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఫిల్లర్ గేజి (సన్నటి కొలత రేకు) దూర్చి చూసుకోవచ్చు. బేరింగు బాగుందో లేదో చెప్పేది అది కాదు. రాడ్ లోపల కూర్చునే అరచక్రపు బేరింగు ముక్కని షెల్ అంటాం, రాడ్ పట్టుకునే క్రాంకు భాగాన్ని క్రాంక్ పిన్ అంటాం. ఆ షెల్‌కీ క్రాంక్ పిన్‌కీ మధ్య నూనె నిలబడే గ్యాప్ వేరే ఉంది. చిన్న పెట్రోల్ కార్లలో కొత్తప్పుడు అది సుమారు 0.02 నుంచి 0.05 మి.మీ. 0.08 దగ్గరికొస్తే చాలా మాన్యువళ్ళు మార్చెయ్యమంటాయి. అంటే మంచి బేరింగుకీ చెడిపోయిన బేరింగుకీ మధ్య తేడా తల వెంట్రుక మందం కూడా ఉండదన్నమాట. అందులోనూ షెల్ నిండా నూనె ఉంటుంది. ఎంత అనుభవం ఉన్న చేతికైనా ఆ తేడా అందదు.

ఆ కాస్త గ్యాప్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం నూనె. పంపు నుంచి వచ్చిన నూనె షెల్ మధ్యలోకి చేరి, రెండు అంచుల నుంచీ కారిపోతూ ఉంటుంది. గ్యాప్ పెరిగితే ఈ కారడం అదే లెక్కన పెరగదు. గ్యాప్ రెట్టింపయితే కారేది దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడు పంపు ఎంత నెట్టినా ప్రెషర్ నిలవదు, ముఖ్యంగా నూనె వేడెక్కి పలచబడి, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు. అందుకే చాలా బళ్ళలో సౌండు కంటే ముందు ఆయిల్ లైటు చెబుతుంది. గేటు దగ్గర ఆగినప్పుడు మిణుకుమిణుకుమని, రేస్ చేస్తే ఆరిపోతుంది. అలాంటి బండి వస్తే ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టి చూడకుండా నేను చాంబర్ విప్పను. లైటు స్విచ్ పాడైనా అలాగే వెలుగుతుంది. గ్యాప్ మరీ తక్కువైనా ప్రమాదమే. నూనె చాలక షెల్ వేడెక్కి క్రాంకుని పట్టేస్తుంది.

నా షెడ్డు విజయనగరం నుంచి గజపతినగరం మీదుగా సాలూరు వెళ్ళే రోడ్డు పక్కన. కోరాపుట్ వైపు నుంచి ఘాటు దిగొచ్చే బళ్ళు చాలా వస్తాయి. ఘాటు ఎక్కేటప్పుడు గేరు తగ్గించకుండా, ఇంజన్ బరువుగా గుంజుతున్నా యాక్సిలేటర్ అలాగే తొక్కి ఉంచితే ఆ దెబ్బంతా కాన్‌రాడ్ పై షెల్ మీదే పడుతుంది. క్రాంకు నెమ్మదిగా తిరుగుతుంటే నూనె పొర కూడా పలచగా ఉంటుంది. మొన్న ఒక టాక్సీ కుర్రాడు వచ్చి, "బాబూ, సుంకి ఘాటు ఎక్కుతుంటే గలగలమంటంది, మూడో గేరేస్తే పోతంది. బేరింగులేనా ఏటి?" అని టెన్షన్ పడుతూ అడిగాడు. గేరు తగ్గించగానే పోయే సన్నటి గలగల చాలాసార్లు పెట్రోల్ నాకింగే (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండే సౌండు), బేరింగు కాదు. కాన్‌రాడ్ సౌండు దానికంటే బరువుగా ఉంటుంది. బండి నిలబెట్టి కొద్దిగా రేస్ చేసి వదిలినప్పుడు, ఆ వదిలే క్షణంలో బాగా వినబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గేది పిస్టన్ సౌండు, బేరింగు సౌండు వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి వినండి. ఏది ఆపితే సౌండు తగ్గిందో ముందు ఆ సిలిండర్ కాన్‌రాడ్ క్యాప్ (బోల్టులతో బిగించే రాడ్ కింది సగం) విప్పాలి.

పనికి దిగేముందు ఆ ఇంజన్ మాన్యువల్ దగ్గరుండాలి. గ్యాప్ ఎంత ఉండాలి, లిమిట్ ఎంత, క్యాప్ బోల్టుల టార్క్ (ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె) ఎంత, బోల్టులు మళ్ళీ వాడొచ్చా లేదా అన్న నాలుగు సంగతులూ కాగితం మీద రాసుకోండి. ఒక ఇంజన్ టార్క్ ఇంకో ఇంజన్‌కి పనికిరాదు, కంపెనీ ఒకటే అయినా సరే. పిన్ సైజుని బట్టి ఇంచికి ఒక థౌ (ఇంచిలో వెయ్యో వంతు) అని పాత మేస్త్రీలు చెప్పే లెక్క ఒకటుంది. 42 మి.మీ. పిన్‌కి 0.042 వస్తుంది. కొలత దారిలోనే ఉందా లేదా అని చూసుకోవడానికి అది బాగుంటుంది, తీర్పు మాత్రం మాన్యువల్‌దే.

బండిని జాకీ మీద వదలకుండా స్టాండుల మీద నిలబెట్టి, నూనె దించండి. దించిన నూనెని పళ్ళెంలో పోసి ఎండలో చూడండి. మెరుపు కనబడితే షెల్ పూత కొట్టుకుపోతోందని అర్థం. చాంబర్ విప్పాక క్రాంకు తిప్పి, చూడాల్సిన పిన్‌ని అడుక్కి తెచ్చుకోండి. క్యాప్ తీసేముందు ఏ సిలిండర్‌దో, ముందు వైపు ఏదో పెయింట్ మార్కర్‌తో రాయండి. పంచితో కొట్టొద్దు. ఇప్పటి చాలా ఇంజన్లలో కాన్‌రాడ్‌ని ముందు ఒకే ముక్కగా చేసి, తర్వాత పగలగొట్టి క్యాప్ విడదీస్తారు. ఆ పగులు గరుకు ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటుంది. అందులో ఒక రవ్వ ఇరుక్కున్నా, అంచు కొద్దిగా దెబ్బతిన్నా, క్యాపులు తారుమారైనా ఆ రాడ్ ఇక పనికిరాదు. రాడ్‌కే స్టడ్‌లు (మరలున్న కడ్డీలు) ఉండే పాత రకమైతే వాటికి పాత పెట్రోల్ పైపు ముక్కలు తొడగండి, పిన్ మీద గీత పడకుండా.

క్యాప్ చేతిలోకి రాగానే గేజి కోసం తొందరపడకుండా షెల్ చూడండి. నేను ఇక్కడే ఎక్కువసేపు గడుపుతాను. పైషెల్, కిందిషెల్ రెండూ తీసి తుడిచి, పక్కపక్కన పెట్టి వెలుతురులో వంచి చూడాలి. కాన్‌రాడ్‌లో మంట దెబ్బ తినేది పైషెల్ కాబట్టి అది ఎక్కువ అరగడం సహజం. మొత్తం సమంగా బూడిదరంగులో ఉంటే మంచిదే. మధ్యలో రాగిరంగు బయటపడితే పైపూత అయిపోయినట్టు. గేజి ఏం చెప్పినా ఆ షెల్‌ని నేను మళ్ళీ పెట్టను. అల్యూమినియం షెల్‌లో రాగిరంగు కనబడదు, అక్కడ గీతలూ, పొరలు లేవడమూ చూసుకోవాలి. చుట్టూరా సన్నటి గీతలుంటే నూనెలో దుమ్ము తిరిగింది, ఎయిర్ ఫిల్టర్ వైపు కూడా ఒక చూపు వేయండి. ఒక అంచు మాత్రమే అరిగితే రాడ్ వంగిందో, పిన్ ఒక వైపు సన్నబడిందో. అప్పుడు కొత్త షెల్ వేసి పంపితే మూణ్ణెల్లలో మళ్ళీ వస్తాడు. షెల్ వీపు కూడా తిప్పి చూడండి. అక్కడ ఒకే చోట మెరిసే మచ్చ ఉంటే వెనకాల చెత్త ఇరుక్కుని ఉంటుంది. ఆ ఒక్క రవ్వే గ్యాప్ తినేస్తుంది.

ఇక కొలత. చాంబర్ మాత్రమే విప్పి, క్రాంకు బండిలోనే ఉన్నప్పుడు ప్లాస్టీగేజ్‌ని మించినది లేదు. కాగితం పొట్లంలో వచ్చే సన్నటి ప్లాస్టిక్ దారం అది. ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 మి.మీ. వరకు చెబుతుంది, కార్ల కాన్‌రాడ్‌కి అదే సరిపోతుంది. ఎర్రది 0.051 నుంచి 0.152 దాకా, నీలం అంతకన్నా పెద్ద గ్యాపులకి. మన ఊళ్ళో స్పేర్ పార్టుల షాపులో అడిగినప్పుడల్లా దొరకదు కాబట్టి ముందే తెప్పించుకోండి. డాష్‌బోర్డులో వదిలేస్తే ఎండకి పెళుసెక్కుతుంది, పెళుసెక్కిన దారం చదునుగా నలగకుండా విరుగుతుంది.

పిన్‌నీ, షెల్ లోపలినీ, వీపునీ, షెల్ కూర్చునే గాడినీ బాగా తుడవండి. నూలుపోగులు వదిలే వేస్టు వాడొద్దు, శుభ్రమైన పాత బట్ట మేలు. నూనె తడి అస్సలు ఉండకూడదు, ఆ దారం నూనెలో కరుగుతుంది. పిన్‌లోని రంధ్రం నుంచి నూనె చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. కాసేపు ఆగి, మళ్ళీ తుడిచి, అప్పుడు దారం పెట్టాలి. షెల్ వెడల్పుకి కొద్దిగా తక్కువగా దారం కత్తిరించి, క్రాంకు పొడవు వెంబడి, రంధ్రానికి దూరంగా పిన్ అడుగున పెట్టండి. జారిపోతుంటే అంటీముట్టనట్టు ఒక పిసరు గ్రీజు సాయం చాలు.

క్యాప్‌ని మార్కు ప్రకారం ఎక్కించి, ముందు చేత్తో బోల్టులు పట్టించి, తర్వాత టార్క్ రెంచితో రెండు మూడు విడతలుగా, అటొకసారి ఇటొకసారి మాన్యువల్ టార్క్‌కి తేవాలి. టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్‌లో ఉంటే ఆ బోల్టులు సాగే రకం. కొలతకి పాత బోల్టులే వాడి, చివరి బిగింపుకి కొత్తవి ఉంచుకోండి. బిగించాక క్రాంకు ఇసుమంత కూడా తిరగకూడదు, రాడ్ కదలకూడదు. తిరిగిందా, దారం పులుముకుపోయి కొలత తప్పుతుంది. దాన్ని తుడిచేసి కొత్త ముక్కతో మొదలుపెట్టాలి. షెడ్డులో పిల్లలకి ఈ పని అప్పగించినప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఫ్లైవీల్ కదలకుండా ఒకణ్ణి పట్టుకోమంటాను.

బోల్టులు కూడా ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా వదలండి. క్యాప్ బిగుసుకుని ఉంటే ప్లాస్టిక్ సుత్తితో పక్కనుంచి మెల్లగా తట్టండి, స్క్రూడ్రైవర్ దూర్చి లేపొద్దు. ఇప్పుడు దారం నలిగి చదునైన పట్టీలా పిన్‌కో షెల్‌కో అంటుకుని ఉంటుంది. పొట్లం మీద అచ్చువేసిన స్కేలు పక్కన పెట్టి వెడల్పు పోల్చండి. ఒక వైపు మిల్లీమీటర్లు, ఇంకోవైపు ఇంచిలు ఉంటాయి, ఏ వైపు చూస్తున్నారో గమనించండి. పట్టీ ఎంత వెడల్పుంటే గ్యాప్ అంత తక్కువ. బాగా వెడల్పున్న చోట చూసిన అంకె రాసుకోండి. తర్వాత ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడండి. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం అయితే పిన్ ఏటవాలుగా అరిగినట్టు. చూశాక గోటితోనూ నూనె బట్టతోనూ తీసేయాలి, బ్లేడు పెట్టొద్దు.

ఇంకో మాట. కాన్‌రాడ్‌ని కిందినుంచి కొలిచేటప్పుడు పిస్టన్, రాడ్ బరువుకి పైషెల్ వచ్చి పిన్ మీద కూర్చుంటుంది, గ్యాప్ అంతా కింద దారం ఉన్న చోటికే వస్తుంది. క్రాంకుని ఇంజన్‌లో మోసే మెయిన్ బేరింగుల దగ్గర ఇలా కుదరదు. అక్కడ క్రాంకు బరువంతా కిందికి వేలాడుతూ దారాన్ని ఎక్కువ నలిపేస్తుంది, ముందు క్రాంకుని పైకి ఎత్తి పట్టాలి. కాన్‌రాడ్ పద్ధతే మెయిన్‌కీ వాడి, అంకె తక్కువొచ్చిందని సంబరపడేవాళ్ళున్నారు, అందుకే చెబుతున్నాను.

ప్లాస్టీగేజ్ గ్యాప్ చెబుతుంది కానీ అది షెల్ అరగడం వల్లా, పిన్ అరగడం వల్లా అన్నది చెప్పదు. క్రాంకు బయటికి తీసిన ఇంజన్‌కి, పిన్ కొలవడానికి మైక్రోమీటర్, షెల్ లోపలి కొలతకి డయల్ బోర్ గేజి వాడాలి. 25 నుంచి 50 మి.మీ. మైక్రోమీటర్ కావాలి, 0.001 దాకా చదివేది అయితే మంచిది. 0.01 దగ్గర ఆగిపోయే మైక్రోమీటర్‌తో 0.02కీ 0.03కీ మధ్య తగువు తీర్చలేం. ముందు దానితో వచ్చే 25 మి.మీ. కడ్డీ పెట్టి సున్నా సరిచూసుకోండి. ప్రతి పిన్‌నీ రెండు చివర్లలో, ఒక్కో చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. అడ్డం, నిలువు తేడా వస్తే పిన్ కోలగా అరిగింది. చివర చివరకి తేడా వస్తే ఏటవాలు. ఈ తేడాల లిమిట్ సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతు చుట్టుపక్కల ఉంటుంది. దాటితే కొత్త షెల్ వేసి లాభం లేదు.

షెల్ లోపలి కొలతకి కొత్త షెల్‌ని రాడ్‌లో పెట్టి, క్యాప్‌ని పూర్తి టార్క్‌కి బిగించాలి. బిగించకుండా కొలిస్తే ఆ అంకెకి అర్థం లేదు, ఎందుకంటే షెల్ చివరలు క్యాప్ అంచు కంటే ఒక పిసరు పైకి ఉంటాయి, బిగింపుతోనే షెల్ గాడిని పట్టుకుని గుండ్రమవుతుంది. ఆ పైకున్న చివరల్ని చూసి 'పెద్దదొచ్చింది' అని ఆకురాయి పట్టేవాళ్ళని చూసి నా మనసు కష్టపెట్టుకున్న రోజులున్నాయి. కొలత రాడ్ పొడవు వెంబడి, నిలువుగా తీయాలి. క్యాప్ అతుకు దగ్గర షెల్‌ని కావాలనే కాస్త పలచగా చేస్తారు, అక్కడ కొలిస్తే గ్యాప్ ఎక్కువ చూపిస్తుంది.

నేను పిల్లలకి నేర్పే పద్ధతి ఇది. మైక్రోమీటర్‌ని పిన్ కొలత దగ్గర లాక్ చేసి, దాని దవడల మధ్యే బోర్ గేజి పెట్టి డయల్‌ని సున్నాకి తిప్పండి. తర్వాత ఆ గేజిని షెల్‌లో పెట్టి అటూ ఇటూ ఊపుతూ ముల్లు వెనక్కి తిరిగే చోటు చూడండి. సున్నా నుంచి ముల్లు ఎంత దూరంలో ఉందో అదే గ్యాప్. మైక్రోమీటర్‌లో చిన్న తప్పు ఉన్నా రెండు వైపులా ఒకేలా పడి కొట్టుకుపోతుంది, తీసివేత లెక్కలో పొరపాటూ ఉండదు.

మన వైపు వేసవిలో ఇంకో చిక్కు ఉంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, బయట ఎండలో కడిగి ఆరబెట్టిన క్రాంకుని వెంటనే లోపలికి తెచ్చి, పెట్టెలోంచి తీసిన మైక్రోమీటర్‌తో కొలుస్తారు. 42 మి.మీ. ఉక్కు ఒక డిగ్రీ వేడికి 0.0005 మి.మీ. పెరుగుతుంది. క్రాంకుకీ రాడ్‌కీ 20 డిగ్రీల తేడా ఉంటే 0.01 మి.మీ. మారిపోయినట్టే. 0.03 ఉన్న గ్యాప్‌లో అది మూడో వంతు. క్రాంకు, రాడ్‌లు, షెల్‌లు, మైక్రోమీటర్, గేజి అన్నీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి పొద్దున్నే ఎండెక్కకముందు కొలవండి. ఎక్కువసేపు చేతిలో పట్టుకున్న మైక్రోమీటర్ కూడా వేడెక్కుతుంది. రాత్రి ఉంచేటప్పుడు పిన్‌లకి నూనె పట్టించడం మరవొద్దు. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రపు గాలికి నిగనిగలాడే పిన్ తెల్లారేసరికి మచ్చలు తేలుతుంది.

అంకెలొచ్చాక ఏం చేయాలంటే, గ్యాప్ లిమిట్‌లోపు ఉండి, పిన్ గుండ్రంగా ఉండి, షెల్ ముఖం బాగుంటే అలాగే ఉంచండి. లిమిట్ దాటి పిన్ బాగుంటే కొత్త స్టాండర్డ్ షెల్ వేసి మళ్ళీ కొలవండి, కొత్తది కదా అని కొలవకుండా మూయొద్దు. కొన్ని ఇంజన్లలో షెల్‌లు రంగుల గ్రేడుల్లో వస్తాయి. క్రాంకు మీదా రాడ్ మీదా కొట్టిన అంకెలు చూసి, మాన్యువల్ పట్టికలో ఏ రంగో తేల్చుకోవాలి. పిన్ అరిగితే గ్రైండింగ్ చేయించి 0.25 మి.మీ. అండర్‌సైజ్ (సన్నబడ్డ పిన్‌కి సరిపడే) షెల్ వేయాలి, ఇంకా అరిగితే 0.50. అన్ని కంపెనీలూ అన్ని సైజులూ ఇవ్వవు, కొన్ని క్రాంకుల్ని గ్రైండింగే చేయొద్దంటారు. కాబట్టి ముందు షెల్ దొరుకుతుందో లేదో కనుక్కుని, తర్వాతే క్రాంకుని విశాఖ గాజువాక ఆటోనగర్‌కో, మీకు నమ్మకమైన గ్రైండింగ్ షాపుకో పంపండి. షెల్‌లు చేతికిచ్చి, 'ఈ షెల్‌కి ఇంత గ్యాప్ రావాలి' అని కాగితం మీద రాసివ్వండి. పిన్ అంచు దగ్గర ఉండే గుండ్రటి మూలని పదునుగా చెక్కేయొద్దని చెప్పండి, క్రాంకు పగులు అక్కడే మొదలవుతుంది. తిరిగొచ్చాక నూనె దారులన్నిటిలో సన్నటి బ్రష్ దూర్చి, ప్రెషర్‌తో కడిగి, మీరే మళ్ళీ కొలుచుకోండి.

గ్యాప్ తక్కువొస్తే 'తిరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది' అని వదిలేయకండి. షెల్ వెనక రవ్వ ఉందా, క్యాప్ తారుమారైందా, సైజు తప్పొచ్చిందా అని వెతకండి. ఎక్కువొస్తే క్యాప్ అంచు రాకడం, షెల్ వెనక సిగరెట్ రేకు పెట్టడం లాంటి పనులు ఎవరు చెప్పినా చేయొద్దు. రేకు పెట్టిన షెల్ వీపు ఇనుముకి ఆనదు, వేడి బయటికి పోదు, ఘాటు మధ్యలో ఇంజన్ పట్టేస్తుంది. వెనక సీట్లో పిల్లాపాపలతో వెళ్ళే కుటుంబం ఉంటుంది. ఆ రేకు పెట్టిన చేతికి ఆ సంగతి గుర్తుండాలి.

చివరి బిగింపులో షెల్ వీపు పొడిగా, లోపలి ముఖం నిండా నూనెతో ఉండాలి. బోల్టు మరలకి నూనె రాయాలా వద్దా అన్నది మాన్యువల్ ప్రకారం, టార్క్ అంకె దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కో రాడ్ బిగించాక క్రాంకు చేత్తో తిప్పి చూడండి, ఎక్కడ బరువెక్కిందో అప్పుడే తెలుస్తుంది. అన్నీ అయ్యాక కొత్త ఫిల్టర్, కొత్త నూనె వేసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, స్టార్టర్‌తో కొద్దికొద్దిసేపు, మధ్యలో ఆపుతూ తిప్పండి. ఆయిల్ లైటు ఆరాక ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయండి. వేడెక్కాక ఐడిలింగ్‌లో ప్రెషర్ ఎంతుందో గేజితో చూసి, మీరు కొలిచిన గ్యాపుల పక్కనే జాబ్ కార్డు మీద రాసి బండి యజమానికి ఒక కాపీ ఇవ్వండి. 1,000 కిలోమీటర్లు తిరిగాక నూనె, ఫిల్టర్ మార్చడానికి రమ్మనండి. ఆ నూనెని కూడా పళ్ళెంలో పోసి ఎండలో చూడాలి.